నిండు ట్యాంకు

మనిషి ఎలాంటివాడో తెలియాలంటే విస్తరి ముందు చూడాలంటారు కొందరు, అప్పు అడిగి చూడాలంటారు కొందరు. నన్నడిగితే వానాకాలం ముందు చూడాలి. పని తీరిపోయిన మిషన్‌ని ఎక్కడ పెట్టాడో, ఎలా పెట్టాడో చూస్తే చాలు, ఆ మనిషి జాతకం చెప్పేస్తాను.

చల్లపల్లిలో నాకు చిన్న ఇంజన్ల రిపేరు షాపు ఉంది. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, గుంతలు తీసే మిషన్లు బాగుచేస్తాను. వానలు వెలిసి పనులు మొదలయ్యే రోజుల్లో ఇవన్నీ ఆసుపత్రి వరండాలో రోగుల్లా నా షాపు ముందు వరసగా పడి ఉంటాయి. ట్యాంకులో నెలల నాటి పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది, కార్బొరేటర్ మూసుకుపోయి ఉంటుంది, వైర్లు ఎలకలు కొరికేసి ఉంటాయి. మొన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిందండీ భూషణం గారూ, ఏమైందో ఏమో అంటాడు తెచ్చినాయన. ఏమైందో నాకు తెలుసు. పని ఉన్నన్నాళ్ళూ భుజాన మోశాడు, పని కాగానే కొట్టంలో మూల పడేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి మనది. ఆ మాట మొహం మీదే అనేస్తాను. అందుకే నా షాపుకి పని మీద వచ్చేవాళ్ళే గాని కబుర్లకి వచ్చేవాళ్ళు తక్కువ.

నేను నోరు చేసుకోవలసిన అవసరం రాని మనిషి ఒక్కడే ఉండేవాడు. అతని పేరు రాజారత్నం.

ఘంటసాల పక్క పల్లెలో, చర్చి వెనక పేటలో ఉంటాడు. యాభై దాటిన మనిషి. మీసం మొలిచినప్పటి నుంచి గునపంతో గుంతలు తవ్వడమే అతని బతుకు. కొబ్బరి మొక్కలకి, కంచె రాళ్ళకి, పెళ్ళి పందిళ్ళకి, దివిసీమలో రొయ్యల చెరువుల గట్ల మీద పక్షుల వలలు కట్టే కర్రలకి, గుంత అన్న ప్రతిదానికీ అతన్నే పిలిచేవారు. మన నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. రెండింటితోనూ కుస్తీ పట్టీ పట్టీ కుడి భుజం అరిగిపోయింది. మళ్ళీ గునపం పడితే చెయ్యి పైకి లేవదని బందరు డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంక మిగిలింది ఏ చెరువు గట్టు మీదో కాపలా గుడిసె. రాజారత్నానికి ఆ మాట వింటేనే ప్రాణం చివుక్కుమనేది. కాపలా అంటే కూర్చోబెట్టి ముసలివాణ్ణి చెయ్యడమేనండీ అన్నాడు ఒకసారి నాతో.

అప్పుడు అతని భార్య దీనమ్మ తన పాడిగేదెని అమ్మేసింది. దాంతో పెట్రోలుతో నడిచే గుంతల మిషన్ కొన్నారు. రెండు చేతులతో పట్టుకునే పిడులు, వాటి మధ్య ఇంజను, కింద నేలలోకి దిగే మెలికల ఇనుప బిట్టు. అదున్నంతకాలం రాజారత్నం పనివాడు. అది పోయిననాడు కాపలావాడు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే ఏమో, దాన్ని దాచడంలో అతని శ్రద్ధ చూసితీరాలి. ఏటా తొలకరి ముందు ట్యాంకులో పెట్రోలంతా వంచేస్తాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, అదే ఆగిపోయేదాకా నడపనిస్తాడు, కార్బొరేటర్లో చుక్క మిగలకుండా. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో రెండు చుక్కలు నూనె వేసి, స్టార్టర్ తాడు మెల్లగా లాగుతాడు, నూనె లోపలంతా పట్టేలాగ. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెడతాడు. గేర్ బాక్సులో గ్రీజు చూస్తాడు. బిట్టుకి పట్టిన మట్టిని కొబ్బరి పీచుతో రుద్ది, పాత ఇంజనాయిల్ పూస్తాడు. బోరు నీళ్ళతో మాత్రం చచ్చినా కడగడు. మన బోరుల్లో ఉప్పు ఎంతో మనకి తెలియనిదా? ఇనుము తిని ఊరుకుంటుంది. చివరికి గోనెసంచిలో చుట్టి, ఇంటి దూలానికి తాడేసి వేలాడదీస్తాడు. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమట పడుతుంది. కింద పెడితే తుఫానొచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్ళొస్తాయి. పొయ్యికి దూరంగా ఉండాలి, గాలి తగలాలి. ఉయ్యాల్లో వేశావు సరే, జోల ఎప్పుడు పాడతావని దీనమ్మ ఆటపట్టించేది.

కిందటేడు తొలకరికి రాజారత్నం మిషన్ని ఇలాగే దూలానికెక్కించాడు. ఎక్కించిన వారానికే విషజ్వరం పట్టుకుంది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయాడు. సరిగ్గా అప్పుడే ఆ ఊళ్ళో సరోజిని గారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

సరోజిని గారంటే ఆ ఊరి పెద్ద రైతు కుటుంబం మనిషి. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకుంటోంది. మాట కరుకు, చెయ్యి పెద్దది. వరసకి కాకపోయినా నేను అక్కయ్య గారూ అంటాను, ఆవిడ నన్ను తమ్ముడూ అంటుంది. తుఫానుకి పడిపోయిన చెట్ల స్థానంలో గట్టు మీద కొబ్బరి మొక్కలు వేయించాలనుకుంది. మొక్కలొచ్చేశాయి, గుంతలు తీసేవాడు మంచమెక్కాడు. అందుకని ట్రాక్టరు డ్రైవరు బాబ్జీని పంపి, మిషన్ ఇస్తే వాడుకుని పంపించేస్తానని అడిగించింది. రాజారత్నం మంచం మీద నుంచే పెట్రోల్లో ఈ ఇంజన్లకి వేసే టూటీ ఆయిల్ కొలత ప్రకారం కలిపించి, ఆ సీసాతో సహా మిషన్ ఇప్పించాడు.

మరునాడు సాయంత్రానికి మిషన్ తిరిగొచ్చింది. తుడిచి, శుభ్రంగా, ట్యాంకు మూతి దాకా పెట్రోలు నింపుకుని, దాంతోపాటు ఒక అరటి గెల. సరోజిని గారి ఇంటి నుంచి ఎవరి గిన్నే ఖాళీగా తిరిగిరాదు. అది మన వైపు అందరికీ ఉన్న అలవాటే. కూర పెట్టుకొచ్చిన గిన్నెలో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం, ఉత్త గిన్నె ఇవ్వం. కానీ ఆవిడకి అది వ్రతం లాంటిది. ఎవరి దగ్గరైనా చాట తెప్పించుకున్నా గుప్పెడు బియ్యం పోసి పంపుతుంది. అలాంటి మనిషి ఖాళీ ట్యాంకు పంపుతుందా? బంకుకి వెళ్ళి నిండా కొట్టించుకు రమ్మని బాబ్జీకి చెప్పింది. వాడు కొట్టించాడు. అందులో నూనె కలపాలన్న సంగతి ఆవిడకి తెలియదు. సీసాలోది కలిపిన పెట్రోలని బాబ్జీకి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. వాడి మోటారు సైకిల్లో అలాంటివేం కలపక్కర్లేదు కదా.

నూనె కలపని పెట్రోలు ఈ ఇంజన్లకి విషం. ఆ పెట్రోల్లో కలిసిన నూనే లోపలి పిస్టన్‌కి తడి. అది లేకపోతే ఇనుము ఇనుముని గీరుకుంటుంది.

కార్తీకం వెళ్ళింది. కృత్తివెన్నులో యుగంధర్ గారని, రొయ్యల చెరువులాయన, పక్షుల వలలకి కర్రలు పాతించాలి రమ్మని రాజారత్నానికి ఫోను చేశాడు. చెరువులో రొయ్యపిల్ల వదిలే రోజు దగ్గరపడింది. వల లేకుండా వదిలితే నీటికాకులు పండగ చేసుకుంటాయి. రాజారత్నం వెళ్ళాడు, గట్టు మీద మిషన్ దించాడు, తాడు లాగీ లాగీ ఎలాగో స్టార్ట్ చేశాడు. కాసేపు నడిచింది. తర్వాత కీచుమని అరిచి బిగుసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే దాన్ని నా షాపులో బల్ల మీద పెట్టాడు. సిలిండర్ విప్పితే పిస్టన్ మీద గోళ్ళతో రక్కినట్టు చారలు. ట్యాంకులో మిగిలింది గుడ్డ మీద వొంపి ఆరనిచ్చాను. జిడ్డు మరక పడలేదు. చుక్క నూనె లేదన్నమాట. పైగా పాతబడ్డ వాసన. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎవరు పోశారని అడిగితే జరిగిందంతా చెప్పాడు. జ్వరం తగ్గి లేచాక ట్యాంకు నిండుగా ఉండటం తనూ చూశాట్ట. వంచెయ్యమని దీనమ్మ చెబితే ఉండనీలే అన్నాట్ట. వానాకాలం అంతా అలా నిండుగానే దూలానికి వేలాడింది. నేను నమ్మలేకపోయాను. చుక్క మిగిలినా నిద్రపట్టని మనిషి, నిండు ట్యాంకు నెలల తరబడి ఎలా వదిలేశాడు?

"రంగు చూసైనా అనుమానం రాలేదా నీకు?" అన్నాను.

"వచ్చిందండీ. కలిపిందైతే కాస్త నీలంగా ఉంటది కదా. పాతబడి వెలిసిందేమోలే అని సర్దుకున్నాను."

ఇంక నా నోరు ఆగలేదు. మిషన్‌ని చేజేతులా చంపుకున్నావన్నాను. అసలు మిషన్ ఇవ్వడం దేనికి, జ్వరం తగ్గాక నువ్వే వెళ్ళి తవ్విపెడితే కూలి కూడా వచ్చేది కదా అన్నాను. ఎరువు సొమ్ము బరువు చేటన్నది తెచ్చుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ వర్తిస్తుందని కూడా అన్నాను. ఆ ఊపులోనే ఫోను తీశాను. సరోజిని అక్కయ్యకి ఉన్నదున్నట్టు చెప్పి, ఆవిడ చేత బాగుచేయిస్తానన్నాను. రాజారత్నం నా చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"కూలికి మమ్మల్ని తరతరాలుగా పిలుస్తానే ఉన్నారండీ," అన్నాడు. "మా అమ్మ ఆ ఇంట్లోనే చేసింది. పెరటి గుమ్మం కాడ నిలబడితే అన్నం పైనుంచి గిన్నెలో వేసేవోరు. ప్రేమగానే వేసేవోరండీ, అది కాదనను. కానీ అటు నుంచి ఇటు రావడమే గాని, మా ఇంట్లోంచి అటు వెళ్ళింది ఏదీ లేదు. మా ఇంట్లో ఉందని వాళ్ళు అడిగిన వస్తువు ఇదొక్కటే. అది తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు. దాన్నెలా పారబొయ్యమంటారండీ?"

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆ ఇంటి నుంచి నిండు గిన్నెలు ఎన్ని అందుకున్నానో నాకే లెక్క లేదు. అది మర్యాద అనుకున్నాను, అలవాటు అనుకున్నాను, ఒక్కోసారి ఆ పచ్చళ్ళు తినలేక విసుక్కున్నాను కూడా. ఆ మర్యాద గీత గీసినట్టు ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని గాని, గీతకి అవతల నిలబడ్డవాడికి అందులో ఎంత కనిపిస్తుందో గాని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

పిస్టన్, సిలిండర్ విజయవాడ నుంచి రావాలి. రేపు మాపు అంటూ షాపువాడు తిప్పుతున్నాడు. యుగంధర్ గారు ఆగలేనన్నాడు, ఆయన తప్పేం లేదు. ట్రాక్టరుకి బిగించే పెద్ద మిషన్ తెచ్చుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది. ఒకసారి అలవాటు పడ్డాడంటే మళ్ళీ రాజారత్నాన్ని పిలవడు. అందుకని రాజారత్నం మాట ఇచ్చానంటూ గునపం పట్టుకుని కృత్తివెన్ను బయల్దేరాడు. డాక్టరు మాట గుర్తు చేశాను. వినలేదు. సరోజిని గారికి ఒక్క ముక్క చెబితే నీ తరఫున ఆ ట్రాక్టరు ఖర్చేదో ఆవిడే పెట్టుకునేదని అన్నాను. అదీ వినలేదు. గట్టు చుట్టూ కర్రలన్నీ పాతాడు, వల కట్టించాడు, తిరిగొచ్చేసరికి కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

విడిభాగాలొచ్చాయి. మిషన్ బాగుచేశాను. అది తీసుకెళ్ళడానికి రాజారత్నం, తువ్వాలుతో చెయ్యి మెడకి కట్టుకుని, నా షాపులో కూర్చుని ఉండగా సరోజిని గారు ఆటో దిగింది. పాడైన స్ప్రేయర్ తెచ్చింది. అతన్ని చూసి, చేతికేమైందని అడిగింది. బల్ల మీద మిషన్ని చూసి, దీనికేమైందని నన్ను అడిగింది.

రిపేరు విషయంలో నేను ఎవరికీ అబద్ధం చెప్పను. తప్పెవరిదైతే వాళ్ళ మొహానే చెప్పడం నా పద్ధతి. రాజారత్నం నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు. కృత్తివెన్ను ఉప్పుగాలండీ అక్కయ్య గారూ, లోపల పట్టేసిందన్నాను. నా నోటికే ఆ మాట కొత్తగా ఉంది.

"మా ఇంటికొచ్చినప్పుడు బంగారంలా నడిచింది. ట్యాంకు నింపి మరీ పంపించాను కదా," అందావిడ.

"అవునండీ. నిండుగా పంపారు," అన్నాడు రాజారత్నం.

అని ఊరుకోలేదు. నా షాపు అరలో ఖాళీగా ఉన్న అయిదు లీటర్ల డబ్బా ఒకటి ఎడమ చేత్తో తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి మీకు మిషన్ కావలసొస్తే ఈ డబ్బా కూడా పంపిస్తానండీ అన్నాడు. ట్యాంకు చిన్నది, అందులో ఏం పడుతుంది, దాన్ని ఖాళీగానే పంపించెయ్యండి, నింపాలనుకుంటే ఈ డబ్బా నింపండి అన్నాడు. మొహంలో నవ్వు లేదు. సరోజిని గారు అతని వంకా డబ్బా వంకా చూసి పకపకా నవ్వింది. ఎంత ఆశ రాజారత్నం నీకు, ముంచేసేలా ఉన్నావే అంది. అప్పుడు అతనూ నవ్వాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద కలిసి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఈ ఏడు తొలకరికి సరోజిని గారు మిషన్ మళ్ళీ అడిగింది, చచ్చిన మొక్కల చోట కొత్తవి వెయ్యడానికి. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఘంటసాలలో పని ఉండి, దారిలోనే కదా అని రాజారత్నం ఇంటి దగ్గర ఆగాను. మిషన్ గోనెసంచిలో దూలానికి వేలాడుతోంది. అతని చెయ్యి ఇప్పుడు అంత ఎత్తు లేవదు, తాడు దీనమ్మే కట్టిందట. ట్యాంకు మూత తీసి చూపించాడు. ఎండిపోయి ఉంది. నిండుగా వచ్చిన డబ్బాలోది తన కొత్తరకం మోపెడ్లో పోసుకుంటున్నాడట. దానికి నూనె కలపక్కర్లేదు. పనికి మాత్రం ఇప్పుడు మేనల్లుడు రాకేష్‌ని వెంట తీసుకెళ్తున్నాడు. ఎత్తి దింపేది వాడు, గుంత ఎక్కడో ఎంత లోతో చెప్పేది ఇతను. ఇంకా పనివాడే.

బయల్దేరుతుంటే దీనమ్మ లోపల్నుంచి ఒక స్టీలు క్యారియర్ గిన్నె తెచ్చింది. మిషన్‌తోపాటు సరోజిని గారు అందులో కొత్తావకాయ పెట్టి పంపిందట. గిన్నె తిరిగివ్వాలి. ఖాళీగా ఎలా ఇస్తామండీ అంది. యుగంధర్ గారిచ్చిన రొయ్యలు ఇగురు చేసి పెట్టింది. తను వెళితే పెరట్లో పెట్టి వెళ్ళమంటారేమోనని బెరుగ్గా ఉందట.

"మీరైతే వీధి గుమ్మంలోంచే వెళ్తారు కదండీ. మీ చేత్తో ఇవ్వండి," అంది.

రాజారత్నం ఎడమ చేత్తో గోనెసంచి ముడి సరిచేస్తూ నిలబడ్డాడు. బిగుసుకుపోయిన మిషన్ని నా బల్ల మీద పెట్టిన రోజున కూడా అతని మొహంలో అంత బెంగ లేదు.

గిన్నె వేడిగా ఉంది. బండి ముందు తగిలించుకుని ఊళ్ళోకి బయల్దేరాను. తీసుకుని పక్కన పెట్టేస్తే ఏమని చెప్పను వాళ్ళకి? ఇంకో అబద్ధం చెప్పాలా? ఉప్పుగాలి మీదకి ఎన్ని నెట్టగలను?

సరోజిని గారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. దీనమ్మ పంపిందండీ, మీ గిన్నె అని చేతికిచ్చాను. ఆవిడ గిన్నెని చూసింది, వేడి తగిలినట్టుంది, నన్ను చూసింది. తర్వాత మూత తీసి, వేళ్ళతో ఒక రొయ్య తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఉప్పు కాస్త ఎక్కువేసింది," అంది.

ఇంకోటి తీసుకుంది.